శుక్రవారం బస్సులో మన్ను

చాకవేలు బస్సు చింతామణి చేరేసరికి పొద్దు బారెడెక్కేది. శుక్రవారమైతే అందులో నాకు మన్ను వచ్చేది.

అవును, మన్నే. మండీలో మిగతావాళ్ళకు ఇళ్ళ నుంచి ఊరగాయలూ, రాగిరొట్టెలూ, ఉతికిన పంచెలూ వచ్చేవి. నాకు మాత్రం ఆముదపు ఆకుల్లో చుట్టిన రెండు మట్టిముద్దలు వచ్చేవి. కండక్టరు పిళ్ళప్ప మండీ ముందర బస్సు నెమ్మది చేయించి, కిటికీలోంచి చెయ్యి చాపి, "బయ్యప్పా, అందుకో! నీ పెండ్లాం లడ్లు పంపించుండాది" అని వీధి మొత్తానికీ వినబడేట్టు అరిచేవాడు. మూటలు మోసేవాళ్ళంతా పళ్ళికిలించేవాళ్ళు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. "నీ పెండ్లాం నీకు అదన్నా పంపుతాదా?" అని ఓసారి బస్సు వెంట పరిగెత్తి మరీ అడిగాను. పోను పోను, గురువారం పొద్దు వాలిందంటే చాలు, ఆ లడ్ల కోసం నా చేతులు దురదపెట్టడం మొదలైంది.

నేను రామకృష్ణయ్య గారి ఉర్లగడ్డల, అదే బంగాళదుంపల, మండీలో పనికి ఉండేవాణ్ణి. బండ్ల మీద వచ్చిన గడ్డలు దించడం, కుళ్ళినవి ఏరెయ్యడం, తూకం వెయ్యడం. మాకు చాకవేలుకు అవతల ఒక చిన్న తోట, దాని తలాపున ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి ఒకటి ఉన్నాయి. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. బావి లోతు చేయిస్తే తప్ప బతుకు లేదని తేలిపోయింది. ఆ ఖర్చు కోసమే ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా మండీలో ఉంటానని ఒప్పుకొని చింతామణి వచ్చాను. ఇంటి దగ్గర మా అమ్మ మునివెంకటమ్మ, నా భార్య జయలక్ష్మమ్మ. మా పెళ్ళప్పుడు కట్టిన పచ్చటి పందిరాకులు రాలిపోయాయో లేదో కూడా చూడకుండా బస్సెక్కినట్టుండేది నాకు.

ధనుర్మాసం మొదట్లో ఒక్కసారి సెలవిచ్చారు, విత్తనం వెయ్యడానికి. బ్లాకు ఆఫీసు గ్రామసేవకుడు కొత్త రకం విత్తనపు గడ్డలు ఇచ్చాడని జయ కబురు పెడితే పోయాను. ఇద్దరం కలిసి సాళ్ళు తీసి నాటాం. ఒడిలో నాలుగు ముక్కలు మిగిలిపోతే పారెయ్యడానికి మనసొప్పక, ఇంటి వెనక గిన్నెలు తోమే జాలాడి పక్కన గుచ్చాం. తిరిగి బస్సెక్కేటప్పుడు, "గడ్డలు తవ్వే పొద్దుకు వస్తా. వస్తే ఇంక పోను" అన్నాను. జయ తోట నుంచి కొంగులో తెచ్చిన మన్ను ఇంత తీసి నా చేతిలో పెట్టి, ఎట్లుందో చెప్పమంది. "బాగుండాది, ఇంకా ఆగు" అన్నాను. అక్కడ మొదలైంది ఈ మన్ను పంపడం.

మా ఇంట్లో మన్ను చూసే చెయ్యి ఒకటే ఉంటుంది. మా తాత చూసేవాడు. ఆయన తరవాత మా నాయన, ఆయన తరవాత నేను. మిగిలినవాళ్ళు కాలవ కట్టొచ్చు, కలుపు తియ్యొచ్చు. తడి ఎప్పుడివ్వాలో మాత్రం ఆ చెయ్యే చెప్పాలి. ఇదేం పట్టింపు అని మీరు నవ్వొచ్చు. మా బావిలో ఊట ఎంత సన్నమో చూస్తే నవ్వరు. ఒక తడి కట్టామంటే బావి మళ్ళీ ఊరడానికి వారం పైనే పడుతుంది. తొందరపడితే ఆ నీళ్ళు దండగ, ఆలస్యమైతే గడ్డ ఊరదు. పైగా ఎద్దులు మావి కావు, పక్క చేని గోపాలప్పవి. ముందు రోజు చెబితేనే కపిల తోలడానికి వస్తాడు. అందుకని మాట సరైన రోజుకు చేరాలి.

జయ గురువారం పొద్దు వాలేముందు తోటకు పోయి, బోదె పక్కన జానెడు లోతు తవ్వి, వేరున్న చోటి మన్ను గుప్పెడు తీసి ఒక్కసారి గట్టిగా పిసికేది. కాలవ మొదట్లో ఒక ముద్ద, కడకొనలో ఒక ముద్ద. నీళ్ళు ముందు తాగే కొన ఎప్పుడూ చల్లగా ఉంటుంది, చివర తాగే కొన కరువులో ఉంటుంది. రెండూ చూడకుండా తోట సంగతి చెప్పలేం. కడకొన ముద్దకు గుర్తుగా చీర పీలిక కట్టేది. రెండింటినీ ఆముదపు ఆకుల్లో చుట్టి శుక్రవారం తెల్లారి బస్సులో పిళ్ళప్పకు ఇచ్చేది.

ఇక్కడ నేను ఆకు విప్పి ముద్దను ఎగరేసి పట్టుకునేవాణ్ణి. పగలకపోతే ఇంకా పదునున్నట్టు, ఆగాలి. రెండు మూడు చెక్కలైతే ఎద్దులను పిలవాలి. ఆకులోనే పిండి పిండిగా వచ్చిందంటే మా పని అయినట్టే.

ఇంతవరకూ సేద్యం. ఇక చెప్పేది సేద్యం కాదు.

పదునున్న ముద్ద మీద జయ వేళ్ళు అచ్చంగా పడి ఉండేవి. ఒక పక్క నాలుగు వేళ్ళ గుంటలు, ఇంకో పక్క బొటనవేలిది. చిటికెనవేలి గుంట కాస్త వంకర. చిన్నప్పుడు కొడవలి తగిలి ఆ వేలు వంగిపోయింది. గోనెసంచుల చాటుకు పోయి ఆ గుంటల్లో నా వేళ్ళు పెట్టేవాణ్ణి. నా మొద్దు వేళ్ళు వాటిలో పట్టేవి కావు. అయినా పెట్టేవాణ్ణి. కళ్ళు మూసుకుంటే ఆ ముద్ద అవతలి పక్క ఆమె చెయ్యి ఇంకా ఉన్నట్టే అనిపించేది. పట్టుకుని కూర్చుంటే తూకానికి పిలిచినా వినబడేది కాదు. "ఏమప్పా బయ్యప్పా, ఆడ మన్ను చూస్తాండావా, మంత్రం జపిస్తాండావా?" అని రామకృష్ణయ్య గారు గల్లాపెట్టె దగ్గర నుంచి కేకేసేవారు.

చిక్కంతా ఎక్కడంటే, గుర్తులు తడి మన్ను మీదే నిలుస్తాయి. నీళ్ళు కట్టిన వారం ముద్ద నిండుగా, వేళ్ళ గీతలతో సహా వచ్చేది. ఆగమన్న వారం తరవాత ఎండి, అంచులు రాలి, ఎవరి చెయ్యో తెలియకుండా వచ్చేది. 'ఎద్దులను పిలవమను' అని ఒక్క మాటంటే చాలు, మరుసటి శుక్రవారం జయ చెయ్యి నా చేతిలో ఉంటుంది. ఎన్నిసార్లు నాలిక చివరి దాకా వచ్చిందో ఆ మాట! మన్ను మాత్రం ఆగమంటుంది. మా నాయన ఆ మన్ను దగ్గర ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మధ్యాహ్నం తిరుగు బస్సుకు పిళ్ళప్ప వచ్చి, "ఏం చెప్పమంటావప్పా ఈ వారం?" అంటే, "ఆగమను" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటే. బస్సు నిండా మనుషులు చెవులు రిక్కించి కూర్చుంటే, నువ్వు గుర్తొస్తున్నావని కండక్టరు నోట చెప్పించడానికి నాకేం పిచ్చా?

శివరాత్రి దాటాక ముద్దలు మారాయి.

మొదటి వారం నాకే అనుమానం వచ్చి పీలిక విప్పి, మళ్ళీ కట్టి చూశాను. రెండు ముద్దలూ ఒక్కటే. ఏది మొదలో ఏది కడకొనో తెలియకుండా, ఒకే చల్లదనం, ఒకే పదును. ఆ వారం ఆగమన్నాను. మరుసటి వారం రెండూ ఒకేలాగ కొంచెం ఎండాయి. నీళ్ళు కట్టమన్నాను. ఆ పై వారం రెండూ ఒకేలాగ నిండుగా వచ్చాయి. మా తాత కాలం నుంచీ కడకొన ఎప్పుడూ కరువుగానే ఉండేది. అలాంటిది ఇంత వేసవిలో సమానమైందంటే ఇంకేముంది, జయ ఒంటి చేత్తో సాళ్ళన్నీ చదును చేసి నీళ్ళు చివరి దాకా పారేట్టు చేసిందన్నమాట. నా ఛాతీ ఇంత వెడల్పయింది.

"చూడండి స్వామీ, ఒకటి కడకొన మన్ను, ఒకటి మొదటి మన్ను. ఏది ఏదో చెప్పండి చూద్దాం" అని రామకృష్ణయ్య గారి మొహం ముందు పెట్టాను. ఆయన ముక్కుపొడుం డబ్బీ పక్కకు జరుపుకొని, "నాకు రెండూ మన్నే కదప్పా" అన్నారు.

ఒక ముద్దలో మొలకెత్తిన ఆవగింజ కనబడింది. తోటలో కూర్చుని సద్ది తినేటప్పుడు తాలింపు గింజ రాలిందేమో అనుకున్నాను. ఇంకో వారం బూడిద పలుకు తగిలింది. బూడిద ఎరువు చల్లింది కాబోలు, ఎంత తెలివి, అని మురిసిపోయాను. చెయ్యి చూసిందంతా నిజమే చూసింది. బుద్ధే దానికి నచ్చిన కథలు అల్లుకుంది. ఇంటి మీద అంత బెంగ ఉన్నవాడికి అంతకంటే వేరే కథ ఎట్లా తోస్తుంది?

ఉగాది దగ్గరపడింది. జీతాల మాట ఉగాదికే తెగుతుంది. రామకృష్ణయ్య గారు పిలిచి, "ఇంకో ఏడు ఉండప్పా. నీ మాదిరి గడ్డ చూసేవాడు నాకు దొరకడు" అన్నారు. మంచి మనిషి. అయినా నేను గర్వంగానే చెప్పాను.

"లేదు స్వామీ. మా తోట పండింది. పోయి తవ్వుకోవల్ల. ఇంక రాను."

"చేతికొచ్చినంక చెప్పరాదా?"

"నా చేతికి వారం వారం వస్తానే ఉండాది కదా!"

ఆయన నవ్వి, నా గడ్డలు నింపుకోవడానికి కట్టెడు ఖాళీ గోనెసంచులు ఇచ్చి పంపారు. గురువారం మధ్యాహ్నం బస్సెక్కాను. సంచుల కట్టను టాపు మీదికి విసురుతూ పిళ్ళప్ప, "ఇన్ని సంచులా అప్పా?" అని నోరెళ్ళబెట్టాడు. నా పంట చూసి కుళ్ళుకుంటున్నాడు అనుకున్నాను. దారి పొడుగునా ఎండిన చెరువులు, ఎండిన చేలు. మా తోట ఒక్కటి వీటి మధ్య పచ్చగా ఉండుంటుందని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చేళూరు దాటాక బస్సు కంటే ముందు నా ప్రాణం పరిగెత్తింది.

దిగీ దిగగానే ఇంటికి కాదు, సంచులు నెత్తిన పెట్టుకొని నేరుగా తోటకే పోయాను.

కపిల తాడు గిలక మీద బిర్రబిగిసి ఎండిపోయి ఉంది. తొట్టిలో సాలీడు గూడు కట్టుకుంది. బావిలోకి తొంగి చూస్తే అడుగున రాయి తెల్లగా మెరిసింది. తోటలో ఉర్లగడ్డ చెట్లు సాళ్ళ వెంబడి వాలిపోయి, ఎప్పుడో మాడి, తాకితే పొడి అవుతున్నాయి. ఒక బోదె తవ్వి చూశాను. గోలీలంత గడ్డలు, తోలు ముడతలు పడి. కాలవ మొదట్లో గుప్పెడు మన్ను తీసి పిసికాను, వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. కడకొనకు పోయి తీశాను. అదీ రాలిపోయింది.

అప్పుడు కోపం వచ్చింది చూడండి. ఏడుపును ఆపడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. సంచులు అక్కడే పారేసి, జయను నిలదియ్యాలని ఇంటికి పోయాను. వాకిట్లో మా అమ్మ ఉంది. నా మొహం చూసి పెరటి వైపు చెయ్యి చూపింది. "వెనక ఉండాది, పో" అంది.

జాలాడి పక్కన జయ గొంతుకూర్చుని ఉంది. ఆమె ముందర మంచమంత మడి. ధనుర్మాసంలో మేం గుచ్చిన నాలుగు ముక్కలూ నాలుగు చెట్లయి నిలబడ్డాయి. వాటికి బోదెలు ఎగదోసి, చిన్న కాలవ తీసి, అచ్చం తోటలాగే చేసింది. మొదట్లో ఒక గుంట తవ్వి ముద్ద పిసికి ఆకు మీద పెట్టింది. రెండో ముద్ద కోసం కడకొనలో తవ్వుతోంది. కొన నుంచి కొనకు చెయ్యి చాపితే అందుతుంది. పక్కన బూడిద కుప్ప, తోమాల్సిన గిన్నెలు.

"బావి ఎప్పుడు ఎండింది?" అన్నాను.

ఉలిక్కిపడి చూసింది. లేవలేదు. మట్టి చేతిని చీరకు తుడుచుకోను కూడా లేదు.

"శివరాత్రి అయిన నాలుగు దినాలకు."

"చెప్పల్ల కదమ్మే నాకు! నీళ్ళు కట్టు, నీళ్ళు కట్టు అని నేను ఆడ నుంచి అరుస్తాంటే, ఈడ యాడుండాయి నీళ్ళు?"

"కట్టినా. నువ్వు చెప్పిన దినమే కట్టినా. ఆగమంటే ఆగినా."

"దేనికి?"

"దీనికి" అని మడి చూపించింది.

వెనక మా అమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "తాగే నీళ్ళు కూడా ఆ ఏటి చెలమ నుంచి మోసుకొస్తాండాది రా. నాకు మొగం కడుక్కునేదానికి చెంబుడు చాలంటాది. ఆ నాలుగు చెట్లకు మాత్రం కడవ. అదీ నీ మాట వచ్చినంకనే. చెట్టు వాడిపోతాంటే పొయ్యమ్మా అంటే, ఇంకా ఆయప్ప చెప్పలేదు అత్తా అంటాది. నేనేం చెప్పేది?"

జయ ఒక్కసారిగా అందుకుంది. ఆమెకూ కోపం ఉందని అప్పుడే తెలిసింది నాకు.

"పంట పోయిందని చెప్తే ఏమంటావు నువ్వు? ఇంక మన్ను పంపొద్దంటావు. అంతే కదా? మన్ను పోకపోతే నీ మాట నాకు యాడ నుంచి వస్తాది? వారమంతా ఆ బస్సు కోసం చూస్తా. ఆ పిళ్ళప్పన్న వచ్చి 'ఆగమన్నాడు' అని పోతాడు. అది ఒక మాటా? అయినా అదే నాకు ఉండేది. ఆగమన్నాడు, ఆగమన్నాడు అని ఆ పూటంతా అనుకుంటా పని చేసుకుంటా." చేతిలో మన్ను మడిలోకి విసిరికొట్టింది. "నీకేం తెలుస్తాది. నీకు మన్నే కదా కావాల్సింది."

నేను చతికిలబడ్డాను, గిన్నెల పక్కనే. ఆ ముద్దల మీద వేళ్ళ గుర్తుల సంగతి ఆమెకు చెప్పాలనుకున్నాను. చెప్పే బదులు ఆమె చెయ్యి పట్టుకున్నాను. వంకర చిటికెనవేలు, గోళ్ళలో మన్ను. ఎన్నో శుక్రవారాలుగా గుంటల్లో వెతుక్కున్న చెయ్యి అది. మా అమ్మ కోడిని అదిలించే వంకన లోపలికి పోయింది.

జయ చెయ్యి విడిపించుకొని, ఆకు మీదున్న ముద్దను తీసి నా ముందు పెట్టింది.

"చూసి చెప్పు. ఈ వారానిది."

ఎగరేసి పట్టుకున్నాను. పగలలేదు, పదునుంది. చెట్ల వైపు చూశాను. నాలుగూ పండిపోయి, ఆకులు పసుపుబారి ఉన్నాయి. ఏ సేద్యగాడికైనా తెలుసు, ఆకు పండాక చుక్క నీళ్ళు తగలకూడదు. నీళ్ళు ఆపి తవ్వెయ్యాలి, లేకపోతే గడ్డ కుళ్ళుతుంది. అది జయకూ తెలుసు. ఆమె మొహంలోనే కనబడింది. నోరు తెరిచి చెప్పకుండా నా నోటి వైపు చూస్తోంది.

తవ్వేస్తే ఇంక ఈ ఇంట్లో పదును చూడాల్సిన మన్ను లేదు. పంట డబ్బు కలవకపోతే నా ఏడాది జీతం బావి లోతుకు చాలదు, రేపు నేను పోవాల్సిందే. ఉగాది ఎల్లుండి, ఆలోగా రామకృష్ణయ్య గారి కాళ్ళు పట్టుకోకపోతే ఆ చోటూ ఉండదు, ఈ బావీ ఉండదు. మళ్ళీ ఒక ఏడు.

"ఇంకో తడి ఇయ్యమ్మే" అన్నాను.

జయ కళ్ళు నిండిపోయాయి. "ఇయ్యల్లనా?" అంది.

"ఇయ్యల్ల. కడకొన దాకా పారల్ల."

కడవ ఆమె ఎత్తింది, నేను కాలవకు అడ్డం చెయ్యి పెట్టి మళ్ళించాను. మా తాతా మా నాయనా చూస్తే చెంప పగలగొట్టేవాళ్ళు. నీళ్ళు నాలుగు చెట్ల మొదళ్ళకూ పారి, ఇంకిపోయాయి.

మరునాడు తెల్లారి సంచుల కట్ట టాపు మీదికెక్కింది, ఖాళీగానే. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. జయ కింద నిలబడి ముద్దను ఆకులో చుట్టకుండా అట్లాగే నా చేతికి ఇచ్చింది. నా ఎదుటే పిసికిన ముద్ద అది.

"ఏం చెప్పమంటావప్పా ఈ వారం?" అన్నాడు పిళ్ళప్ప అలవాటు కొద్దీ. అని, కింద జయను చూసి నాలిక్కరుచుకున్నాడు.

బస్సు నిండా మనుషులున్నారు. చింతామణి సంతకు పోయే గంపలు, కోళ్ళు, ముసలివాళ్ళు. అందరూ నన్నే చూస్తున్నారు.

"నువ్వు లేకుండా నాకు ఆడ ఒక్క పొద్దు కూడా గడవదని చెప్పు" అన్నాను. గట్టిగానే అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిళ్ళప్ప మాత్రం నవ్వలేదు. ఎప్పుడూ కబురు చెప్పేవాడిలాగే తల బయట పెట్టి, "అమ్మా, నువ్వు లేకుండా ఆయప్పకు ఆడ ఒక్క పొద్దు కూడా గడవదంట" అన్నాడు.

జయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత నా వైపు చూడకుండా పిళ్ళప్పతోనే అంది, "చెట్లకు నీళ్ళు పోస్తాంటానని చెప్పప్పా."

"నీళ్ళు పోస్తాంటాదంట" అన్నాడు పిళ్ళప్ప నా వైపు తిరిగి, రైట్ రైట్ అని బస్సు తట్టాడు.

ముద్ద ఇంకా వెచ్చగా ఉంది. చింతామణి వచ్చేదాకా దాన్ని కింద పెట్టలేదు.